దుబ్బన్న చెక్క అరుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక ఎర్రమట్టి దిబ్బ. ఆ దిబ్బ వాలులో ఒక రాతి ఇల్లు. ఆ ఇంట్లో దుబ్బన్న అనే ఎలుగుబంటి, అతని పెళ్ళాం పోలమ్మ, వాళ్ళ పిల్లలిద్దరూ ఉండేవాళ్ళు. పిల్లాడి పేరు గున్నడు. పిల్ల పేరు మొగ్గ. మొగ్గకు ఇంకా సరిగ్గా నడక కూడా రాలేదు.

ఆ ఇల్లు దుబ్బన్న తండ్రి కట్టింది. ఆ ముసలి ఎలుగుబంటికి ఒక అలవాటు ఉండేది. ఏటా తొలకరికి ముందు వాగు ఒడ్డు నుంచి ఇరవై తట్టల ఎర్రమట్టి మోసుకొచ్చేవాడు. ఇంటి వెనక గోడ మొదట్లో పోసేవాడు. నీళ్ళు చల్లి, కాళ్ళతో గట్టిగా తొక్కేవాడు. చిన్నప్పుడు దుబ్బన్న కూడా నాన్నతో పాటు ఆ మట్టి మీద గంతులేసి తొక్కాడు. కానీ ఎందుకు తొక్కుతున్నామని ఒక్కసారీ అడగలేదు. ఆ ముసలాయనా చెప్పలేదు. ఆయన చేసేవాడే గాని చెప్పేవాడు కాదు.

ఆయన పోయాక దుబ్బన్న ఆ పని మానేశాడు. మూడేళ్ళు గడిచాయి. వెనక గోడ మొదట్లో మట్టి మాత్రం గట్టుగా, గడపకు బెత్తెడు కిందిదాకా అలాగే ఉంది.

ఒకరోజు వాగు అవతల కొండముచ్చు ఇంట్లో విందు జరిగింది. కొండముచ్చు తన పెరట్లో కొత్తగా చెక్క అరుగు వేయించుకున్నాడు. నున్నటి చెక్కలు, ఒకదాని పక్కన ఒకటి, ఎండిన ఆకు రాలినా వినపడేలా. గడప దాటి కాలు పెడితే నేరుగా అరుగే. దిగేది లేదు, ఎక్కేది లేదు. దుబ్బన్న ఆ అరుగు మీద మూడుసార్లు అటూ ఇటూ నడిచాడు. మూడుసార్లూ అతని కడుపు మండింది.

కొండముచ్చు ఇల్లు బండరాతి మీద ఉంది. ఆ సంగతి దుబ్బన్న చూడలేదు. అసూయతో చూసేవాళ్ళకు అరుగే కనిపిస్తుంది గాని అడుగున ఏముందో కనిపించదు కదా!

మర్నాడే వడ్రంగి పిట్ట వీరాచారిని పిలిపించాడు. వీరాచారి ఆ చుట్టుపక్కల పేరున్న పనివాడు. ముక్కుతో చెక్కను టకటకా కొట్టి, లోపల పుచ్చు ఉందో లేదో చెప్పేసేవాడు.

"ఆచారిగారూ! నాకూ చెక్క అరుగు కావాలి. గడప దాటితే కాలు అరుగు మీదే పడాలి. పౌర్ణమికి అందర్నీ విందుకు పిలిచేశాను" అన్నాడు దుబ్బన్న.

వీరాచారి పెరడంతా ఎగిరి చూశాడు. గడప మీద వాలి కిందికి తొంగి చూశాడు.

"దుబ్బన్నా, మట్టి గడప దాకా ఉంది. పైన చెక్క, దాని కింద దూలం, ఆ కింద గాలి ఆడటానికి ఖాళీ. గాలి ఆడకపోతే చెదలు పట్టేస్తాయి. ఇదంతా గడప మట్టానికి పట్టాలంటే గోడ పక్కన మూరెడు లోతు మట్టి తీసెయ్యాలి" అన్నాడు.

"తీసేద్దాం. అదెంత పని!"

"ఆగు మరి. ఇంకో దారి ఉంది. గోడకు నాలుగు బారల దూరంలో వేస్తాను. మట్టి ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే గడప దిగి నాలుగడుగులు నడవాలి."

"నడవడానికైతే అరుగెందుకు ఆచారిగారూ? కొండముచ్చుగాడు నవ్వడూ!"

వీరాచారి ముక్కు గోక్కున్నాడు. "సరే, ఒక్క మాట చెప్పు. ఈ గోడ పునాది ఎంత లోతుంది?"

ఇక్కడే పిల్లలూ, చెవులు రిక్కించి వినండి. దుబ్బన్నకు ఆ సంగతి తెలియదు. ఎప్పుడూ చూడలేదు, ఎవర్నీ అడగలేదు. తెలియదు అని ఒక్క మాట అంటే అతని సొమ్మేం పోయేది? అనలేదు. ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"మా నాన్న కట్టిన గోడ ఇది! ఏనుగొచ్చి గుద్దినా కదలదు. పునాది నిలువెత్తు లోతు ఉంటుంది!" అన్నాడు.

ఇంటాయనే అంత గట్టిగా చెబితే పనివాడు ఏమనగలడు? వీరాచారి తల ఊపి, చెక్కలు తేవడానికి వెళ్ళిపోయాడు.

మట్టి తవ్వే పని పందికొక్కు సన్నాసయ్యది. సన్నాసయ్యకు తవ్వడం తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. ఎక్కడ తవ్వమంటే అక్కడ తవ్వేవాడు. ఎందుకని అడగడం అతని వంశంలోనే లేదు.

మొదటి రోజు సన్నాసయ్య గోడ పొడుగునా జానెడు లోతు తవ్వాడు. పైనున్న పూత అయిపోయి కింద పునాది రాళ్ళు బయటపడ్డాయి. మొరటు రాళ్ళు, వాటి మధ్య బంక మట్టి. అన్నేళ్ళుగా ఎండ సోకని రాళ్ళు. దుబ్బన్న వాటిని చూసి పొంగిపోయాడు.

"చూశావుట్రా సన్నాసీ, ఎంతెంత రాళ్ళో! మా నాన్నంటే ఏమనుకున్నావ్!"

అప్పుడే తవ్విన మట్టిలోంచి ఒక వానపాము మెల్లగా పైకొచ్చింది. దాని పేరు ఎర్రమ్మ. ఆ గోడ కిందే పుట్టి, అక్కడే పెరిగింది. ఎండ తగిలి ఒళ్ళంతా వణుకుతోంది.

"బాబూ దుబ్బన్నా! ఇక తవ్వించకు. ఇంకో బెత్తెడు దిగితే రాళ్ళు అయిపోతాయి. ఆ కింద ఉత్త మట్టే. నేను రోజూ తిరిగే చోటు అది" అంది.

దుబ్బన్న పకపకా నవ్వాడు. "కళ్ళే లేని దానివి, నువ్వేం చూశావే?"

"కళ్ళు లేవు గనకే ఒళ్ళంతా ఆనించి చూస్తాను బాబూ. మీ నాన్న ఏటా మట్టి తొక్కింది ఎందుకనుకున్నావు? ఈ గోడ రాళ్ళ మీద కాదు నిలబడింది. పక్కనున్న ఆ మట్టి నొక్కి పట్టుకుంటేనే నిలబడింది."

ఎవరికైనా గుండె గుభేలుమనాలి కదూ? దుబ్బన్నకు కోపం వచ్చింది. వానపాము తన తండ్రి పనితనానికి వంక పెట్టిందట! ఒక ఆకు తీసుకుని ఎర్రమ్మను దాని మీదికి ఎత్తి, పెరటి మూలకు విసిరేశాడు. నాకైతే ఈ మాట చెబుతుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంచి మాట చెప్పడానికి ఎండలోకొచ్చిన దాన్ని ఎవరైనా విసిరేస్తారా?

రెండో రోజు ఇంకో బెత్తెడు తవ్వారు. మధ్యాహ్నం పోలమ్మ వంటింట్లోంచి పిలిచింది.

"ఏమయ్యా! వెనక తలుపు పడటం లేదయ్యా. నిన్నటిదాకా వేలితో తోస్తే పడేది. ఇవాళ భుజం పెట్టి తోసినా పట్టేస్తోంది."

"గాలిలో చెమ్మ ఉంది కదే. చెక్క ఉబ్బి ఉంటుంది."

"చెక్క ఉబ్బితే గోడలోంచి మన్ను ఎందుకు రాలుతోంది? పిల్లల పక్క మీదంతా మన్నే. పొద్దుట్నుంచి రెండుసార్లు దులిపాను."

"బయట గునపం దెబ్బలకు రాలుతుందిలే. విందు నాటికి నేనే ఊడ్చి పెడతాను" అన్నాడు దుబ్బన్న. పోలమ్మ గోడ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. ఆ పూట పిల్లల పక్కను గోడ నుంచి కాస్త ఇవతలికి లాగింది. ఆ తల్లికి ఆ మాత్రం తోచింది, అదే మేలు.

మూడో రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. వీరాచారి చెక్కలు, దూలాలు తెచ్చి పెరట్లో పేర్చాడు. "వాన పడేలోగా మట్టి పని అయిపోవాలి" అని సన్నాసయ్యను తొందరపెట్టాడు దుబ్బన్న. సన్నాసయ్య గుంటలోకి దిగాడు.

ఇంతలో గోడ మీదున్న బల్లి కిచకిచమని గట్టిగా పలికింది.

దుబ్బన్న ముఖం విప్పారింది. "ఆహా! తూర్పు వైపు బల్లి పలికింది. శుభం! మన పని జయం!" అని దండం పెట్టి, చేతులు కళ్ళకు అద్దుకున్నాడు.

"శుభం కాదు, నీ బొంద!" అని అరిచింది బల్లి. "గోడ బీట తీసిందిరా బాబూ! నా తోక ఆ సందులో పడి నలిగిపోయింది. రాత్రి లేని సందు పొద్దున ఎక్కడ్నుంచి వచ్చింది? కళ్ళు తెరిచి చూడు!"

దుబ్బన్న తలెత్తి చూశాడు. గోడ మీద పైనుంచి కిందిదాకా వంకరగా ఒక బీట. గడ్డిపోచ పట్టేంత సన్నగా ఉంది.

"పాత గోడలకు ఇలాంటివి మామూలే" అన్నాడు. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు ముందంత గట్టిగా లేదు.

సరిగ్గా అప్పుడే గుంటలోంచి సన్నాసయ్య కేక పెట్టాడు.

"అయ్యా! అయ్యా! రాయి అయిపోయిందండీ!"

"అయిపోవడమేమిట్రా?"

"రాయి లేదండీ. గునపం లోపలికి దూసుకుపోయింది. అటు తగిలేదేమీ లేదు. మీరే దిగి చూడండి!"

దుబ్బన్న గుంటలోకి దిగాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పునాది రాళ్ళ చివర ఎక్కడుందో వెతుకుతూ చెయ్యి కిందికి జరిపాడు. ఒక రాయి. దాని కింద ఇంకో రాయి. ఆ కిందున్న ఉత్త మట్టి గుంటలోకి జారిపోయింది, చెయ్యికి ఏమీ తగల్లేదు. ఇంకొంచెం ముందుకు తోశాడు. చెయ్యి గోడ కిందికి వెళ్ళింది. మణికట్టు దాకా వెళ్ళింది. మోచేతి దాకా వెళ్ళింది.

అతని వేళ్ళకు రాళ్ళ అడుగు భాగం తగిలింది. చల్లగా, తడిగా. ఇంటి మొత్తానికి ఆధారం అనుకున్న రాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి.

దుబ్బన్నకు చెయ్యి వెనక్కి తీసుకోవాలని కూడా తోచలేదు. కొయ్యబారిపోయి అలాగే ఉండిపోయాడు. నిలువెత్తు పునాది అన్నాడే! మూరెడు కూడా లేదు. తండ్రి ఏటా ఇరవై తట్టల మట్టి ఎందుకు మోశాడో అప్పుడు అర్థమైంది. ఆ మట్టినే మూడు రోజుల్లో తన చేతులతో తీయించి అవతల పోయించాడు!

టప్పున ఒక చినుకు అతని ముక్కు మీద పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఆకాశం చిల్లు పడినట్టు వాన మొదలైంది.

ఆ వానలో గోడ "కర్ర్ర్" మంది.

"పిల్లలు!" అని పెద్దగా అరిచాడు దుబ్బన్న. "పోలీ! పిల్లల్ని బయటికి తీసుకురా! గోడ పడిపోతోంది!"

గున్నడూ మొగ్గా ఆ గోడ పక్క గదిలోనే నిద్రపోతున్నారు. పెరట్లో ఉన్న పోలమ్మ వెనక తలుపు లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. గోడ బరువంతా తలుపు చట్రం మీద పడి బిగుసుకుపోయింది. ఆమె ఒక్క ఉదుటున ఇల్లు చుట్టి వెళ్ళి ముందు తలుపులోంచి లోపలికి పరిగెత్తింది.

గుంటలో దుబ్బన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వెనక్కి తిరిగి వీపును గోడకు ఆనించాడు. కాళ్ళు బురదలో దిగేశాడు. మొత్తం ఇంటి బరువు అతని వెన్ను మీదికి వచ్చింది. ఊపిరి ఆడలేదు.

"సన్నాసీ! మట్టి పొయ్యరా! తీసిందంతా తిరిగి పొయ్యి!"

సన్నాసయ్య తట్టలకు తట్టలు ఎత్తి పోశాడు. పోసిన మట్టి పోసినట్టే వాన నీళ్ళకు కరిగి బురదై కాళ్ళ మధ్య నుంచి జారిపోయింది. పెరటి మూల నుంచి ఎర్రమ్మ పాక్కుంటూ వచ్చింది. విసిరేసిన దానికి కోపం ఉండొద్దూ? కోపం పెట్టుకోలేదు.

"అది నిలబడదు బాబూ! ఒకసారి కదిపిన మట్టి మళ్ళీ గట్టిపడాలంటే ఏళ్ళు పడుతుంది. తొక్కి తొక్కి, ఎండి ఎండి గట్టిపడాలి. ఇప్పుడు దూలాలు అడ్డం పెట్టండి! దూలాలు!"

వీరాచారి తుర్రున ఎగిరాడు. అరుగు కోసం తెచ్చిన దూలాలను సన్నాసయ్య ఈడ్చుకొచ్చాడు. వీరాచారి ముక్కుతో సూచిస్తుంటే ఒక కొస నేలలో దిగేసి, రెండో కొస గోడకు ఏటవాలుగా తన్ని పెట్టారు. ఒకటి. రెండు. మూడోది పెట్టబోతుంటే మొదటిది వంగడం మొదలుపెట్టింది.

లోపల పోలమ్మ గున్నణ్ణి చంకన వేసుకుంది. పక్క మీద చూసింది. మొగ్గ లేదు!

"మొగ్గా! ఒసేయ్ మొగ్గా!"

జవాబు లేదు. పోలమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. పక్క దులిపింది, తేనె కుండలు దొర్లించింది. గోడలోంచి రాలే మన్నుతో గదంతా పొగలా అయిపోయింది.

"పోలమ్మా! ఇటు! ఇటు చూడు!" అని పైనుంచి బల్లి కేకపెట్టింది. "గంప కింద దూరింది! మన్ను పడుతుంటే భయపడి గంప కింద దూరింది!"

పోలమ్మ గంప ఎత్తింది. మొగ్గ రెండు చేతులతో కళ్ళు మూసుకుని ముడుచుకుని ఉంది. తల్లి దాన్ని మెడ దగ్గర పట్టుకుని ఒక్క ఊపున ఎత్తి, ముందు తలుపు దాటి వానలో పడి పరిగెత్తింది.

"వచ్చేశామయ్యా! ఇద్దరూ నా దగ్గరున్నారు! నువ్వు బయటికి రా!"

ఆ మాట వినపడ్డాకే దుబ్బన్న వీపు తీశాడు. ఒక్క గెంతు గెంతి గుంట బయట పడ్డాడు. అతని పాదం గట్టు మీద ఆనిందో లేదో, మూడు దూలాలూ పటపటా విరిగాయి. గోడ పైభాగం ముందుకు వంగింది. మెల్లగా వంగింది. తర్వాత ఒక్కసారిగా, ఇంతసేపూ దుబ్బన్న నిలబడ్డ గుంటలోకే, పెద్ద చప్పుడుతో కూలిపోయింది. దాని వెనక కప్పు సగం కూలింది.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన జింకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఇందాకటిదాకా ఇల్లున్న చోట పిల్లల పక్క, తేనె కుండలు, పొయ్యి అన్నీ బయటికి కనిపిస్తున్నాయి. వాటి మీద వాన కురుస్తోంది.

మొదట సన్నాసయ్యే నోరు తెరిచాడు. "నన్ను తవ్వమన్నారు, తవ్వానండీ" అన్నాడు ఏడుపు గొంతుతో.

"నేను కొలత చెప్పాను. పునాది సంగతి అడిగాను కూడా" అన్నాడు వీరాచారి. "కానీ అడిగి ఊరుకున్నాను. తవ్వి చూడమని అనాల్సింది."

"మీ తప్పేం లేదు" అన్నాడు దుబ్బన్న. "తెలియకపోయినా తెలుసని చెప్పింది నేను. ఎర్రమ్మ చెబితే నవ్వింది నేను. పోలమ్మ చెబితే తోసిపుచ్చింది నేను. బల్లి చెబితే దండం పెట్టింది నేను."

ఎర్రమ్మ అతని కాలి దగ్గర బురదలో ఉంది. దుబ్బన్న కిందికి వంగి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. వాన పడకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి, తీసుకెళ్ళి చెట్టు మొదట్లో మెత్తటి మట్టిలో దించాడు.

పోలమ్మ మొగుణ్ణి తిట్టలేదు. తిడుతుందేమోనని అందరూ చూశారు. ఆమె దగ్గరికొచ్చి గున్నణ్ణీ మొగ్గనూ అతని ఒళ్ళో పెట్టింది. దుబ్బన్న వాళ్ళను రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఒకటి... రెండు" అని లెక్కపెట్టాడు.

కాసేపాగి మళ్ళీ, "ఒకటి... రెండు" అన్నాడు.

"ఇద్దరమే కదా నాన్నా, ఎన్నిసార్లు లెక్కపెడతావు?" అని అడిగాడు గున్నడు.

దుబ్బన్న కూలిన గోడ వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

నీతి: నిన్ను నిలబెట్టేది ఏదో తెలుసుకోకుండా దాన్ని తవ్వకు. తెలియని దాన్ని తెలియదని ఒప్పుకో, చెప్పేవాళ్ళు ఎంత చిన్నవాళ్ళైనా ఆగి విను.